తల్లి కేసు ఒకటే, తూటాలు ఆరు: ఎంపిక తేలేది ఎక్కడ?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో లైసెన్స్ తుపాకీ అనగానే మొదట గుర్తొచ్చేది 12 బోర్. రైఫిల్ మాటొస్తే .315. అంతకుమించి పేర్లతో ఇక్కడ పెద్దగా పని పడదు. అదే ఈ జిల్లాల నుంచి వెళ్ళి డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, నవంబర్ రాగానే జింకల వేటకు బయల్దేరే కుర్రాళ్ళ మాటల్లో అయితే .243, .260, 7ఎంఎం-08, .308, .338, .358 అంటూ తూటాల పేర్లే అంకెలుగా దొర్లుతుంటాయి. ఒకటి కొంటే ఇంకొకటి వేస్ట్ అన్నంత గట్టిగా వాదనలు కూడా నడుస్తాయి. నిజానికి ఈ ఆరూ ఒకే ఇత్తడి కేసు (మందు నింపే తొడుగు) నుంచి పుట్టినవి. దాని మెడను నొక్కితే కొన్ని, సాగదీస్తే కొన్ని.

ఒకే తల్లి పిల్లలైనప్పుడు వాటి మధ్య తేడా ఎంత? కొనేవాడు దేన్ని చూసి తేల్చుకోవాలి? ఈ ప్రశ్నలకు కేటలాగులు చెప్పే జవాబు వేగం, శక్తి, దూరం. అసలు జవాబు మాత్రం ఎక్కువసార్లు చట్టంలో, షాపు అలమరలో, కాల్చేవాడి భుజంలో ఉంటుంది. వేగం, శక్తి లెక్కలు ఆ తర్వాత వస్తాయి. వాటిని ముందు చూద్దాం. అవి ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది.

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. వెనక ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బకు నిప్పు రాజేసే క్యాప్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. కేసు అడుగు భాగం వెడల్పు ఎంతో దాన్ని బట్టే తుపాకీ బోల్టు (తూటాను వెనక నుంచి మూసే కడ్డీ) ముఖం, మ్యాగజైన్ తయారవుతాయి. అందుకే తయారీదారులకు కొత్త తూటా కావాలంటే కేసును మొదటినుంచీ కొత్తగా గీయరు. పాత కేసు అడుగును అలాగే ఉంచి మెడ మాత్రం మార్చేస్తారు. బండి ఇరుసు పాతదే, మీద తొట్టి మారుతుంది. బోల్టు అదే, మ్యాగజైన్ అదే, గొట్టం ఒక్కటి కొత్తది వేస్తే కొత్త రైఫిల్ సిద్ధం.

ఈ వంశం మూలం జర్మనీలో ఉంది. 1888లో జర్మన్ సైన్యం తీసుకున్న తూటా కేసు అడుగు సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ కొలత అమెరికాకు వెళ్ళింది. 1906లో అక్కడి సైన్యపు .30-06 దాదాపు అదే అడుగుతో వచ్చింది. దాని మెడ నొక్కి 1925లో .270 విన్‌చెస్టర్ చేశారు. .25-06, .280, .35 వీలెన్ కూడా ఆ ఇంటివే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మంచి మందు రావడంతో అంత పొడుగు కేసు అక్కర్లేకుండా పోయింది. 63 మిల్లీమీటర్ల .30-06 చేసే పనిని 51 మిల్లీమీటర్ల కేసుతో దాదాపుగా చేయించారు. 1952లో విన్‌చెస్టర్ కంపెనీ దాన్ని .308 పేరుతో మార్కెట్లో పెట్టింది. 1954లో నాటో సైన్యాలు 7.62×51గా తీసుకున్నది కూడా ఇదే కొలతల తూటాని. 150 గ్రెయిన్ల గుండుతో .30-06కీ .308కీ మధ్య వేగంలో తేడా సెకనుకు 27 మీటర్ల దగ్గర ఉంటుంది. (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు. తూటాల లోకమంతా ఈ కొలతలోనే మాట్లాడుతుంది.)

.308 పిల్లలు వరసగా వచ్చారు. 1955లో మెడ నొక్కి .243, అదే ఏడు మెడ సాగదీసి .358. 1980లో రెమింగ్టన్ నుంచి 7ఎంఎం-08. 1997లో .260. 2006లో ఫెడరల్ కంపెనీ .338. గుండు వెడల్పులు చూస్తే .243ది 6.2 మిల్లీమీటర్లు, .260ది 6.7, 7ఎంఎం-08ది 7.2, .308ది 7.8, .338ది 8.6, .358ది 9.1. అంటే చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు. వాదనలన్నీ ఆ మూడు మిల్లీమీటర్ల మీదే.

కేసు లోపలి జాగా మాత్రం అన్నింటిలో దాదాపు ఒకటే. నీళ్ళు పోసి కొలిస్తే మూడున్నర మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. గ్యాస్ పీడనానికి ఇచ్చిన హద్దు కూడా చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల చుట్టుపక్కలే. జాగా, పీడనం రెండూ ఒకటే అయినప్పుడు లోపల పుట్టే శక్తి ఒక కట్టలోనే ఉంటుంది. దాన్ని ఎంత బరువు గుండుకు, ఎంత వేగంగా పంచిపెడతారన్నదే మారుతుంది.

అంకెలు చూడండి. .243 మామూలుగా 100 గ్రెయిన్ల గుండును సెకనుకు 900 మీటర్లతో పంపిస్తుంది. గొట్టం మూతి దగ్గర శక్తి సుమారు 2,640 జౌళ్ళు. .260లో 140 గ్రెయిన్లు, 838 మీటర్లు, 3,190 జౌళ్ళు. .308లో 150 గ్రెయిన్లు, 860 మీటర్లు, 3,590 జౌళ్ళు. అదే .308లో 180 గ్రెయిన్ల గుండు పెడితే వేగం 800కి దిగుతుంది, శక్తి 3,720కి చేరుతుంది. ఇక .358 విషయానికొస్తే 200 గ్రెయిన్లు, 760 మీటర్లు, 3,730 జౌళ్ళు. చివరి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే .308కీ .358కీ మధ్య శక్తిలో పది జౌళ్ళ తేడా. .358 అంటే ఏదో ఫిరంగి అనుకునేవాళ్ళకు ఇది మింగుడుపడదు. సన్నని గుండ్ల వైపు వచ్చేకొద్దీ శక్తి తగ్గడానికి కారణం ఉంది. గొట్టం సన్నబడితే గ్యాస్ తోసే వైశాల్యం తగ్గుతుంది. అంత మందుతో అంత సన్నని గొట్టంలో పని పూర్తిగా రాబట్టలేం.

సన్నని మెడకు ఇంకో ఖర్చు కూడా ఉంది. అంతే మందు, దారి చిన్నది. మండే గ్యాస్ అంతా గొట్టం మొదట్లో ఉన్న గొంతును కోసేస్తుంది. గురి పోటీల వాళ్ళు .243 గొట్టం రెండు వేల తూటాల్లోపే మార్చుకుంటుంటారు, .308 గొట్టం దానికి రెట్టింపు పైగా వస్తుంది. ఏడాదికి ఒక పెట్టె కాల్చే వేటగాడికి మాత్రం ఈ లెక్కతో పని లేదు. అతని గొట్టం మనవడి దాకా వస్తుంది.

దూరం సంగతి. 180 మీటర్ల దగ్గర గురి సరిచేసిన రైఫిల్‌తో 270 మీటర్లకు కాల్చితే .243 గుండు జానెడుకు కాస్త తక్కువ కిందికి దిగుతుంది. .308 జానెడు దాకా, .358 జానెడున్నర దాకా. వంద మీటర్లలోపు అయితే ఆరింటికీ తేడా కంటికి కనపడదు. గాలికి పక్కకు పోవడంలో మాత్రం పొడుగు గుండ్లది పైచేయి. .260, 7ఎంఎం-08 గుండ్లు తమ వెడల్పుకు బరువైనవి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. అందుకే గాలిని కోసుకుంటూ పోతాయి, జంతువులో లోతుకు దిగుతాయి. ఈ కుటుంబంలో మధ్యవాళ్ళకు మంచి పేరు రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు భుజం మాట. ఒకే బరువు రైఫిళ్ళు అనుకుంటే .243 వెనక్కి తన్నే శక్తి .308 తన్నుకి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాల్చడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది మిగతా లెక్కలన్నింటికంటే పెద్దది. తన్నుతుందని తెలిసిన రైఫిల్ చేతిలో ఉంటే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుపోతాయి, చెయ్యి కుదుపుతుంది. పది జౌళ్ళు కాదు, వెయ్యి జౌళ్ళు ఎక్కువున్నా అప్పుడు తప్పిన గురిని కాపాడలేవు. జంతువును గాయపరిచి వదిలేసేవాళ్ళలో ఎక్కువమంది పెద్ద తూటా వాళ్ళే అని అనుభవజ్ఞులు విసుక్కోవడానికి కారణం ఇదే. అందుకని భుజం ఓర్చుకోగలిగినంత వరకే వెడల్పు పెంచడం మంచి పద్ధతి.

కాగితం మీద బాగున్న తూటా మార్కెట్లో ఓడిపోవడం ఈ కుటుంబాల్లో మామూలే. దీనికి రెండు కథలు ఉన్నాయి, రెండింటిలోనూ కారణం గొట్టం లోపలి మెలికే. రైఫిల్ గొట్టంలో స్క్రూలా చెక్కిన గాడులు గుండును తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు అన్నదే మెలిక లెక్క. గుండు పొడుగు పెరిగేకొద్దీ బిగువు మెలిక కావాలి, లేకపోతే గుండు గాల్లో తూలుతుంది.

1955లో .243 వచ్చిన ఏడే రెమింగ్టన్ కంపెనీ 7×57 మౌజర్ కేసు నుంచి .244 తెచ్చింది. గుండు వెడల్పు అదే, కేసులో జాగా కాస్త ఎక్కువే. కానీ రెమింగ్టన్ వాళ్ళు దీన్ని దూరాన ఉన్న చిన్న జంతువులను కాల్చే తూటాగా ఊహించి 12 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. దాంట్లో 90 గ్రెయిన్లకు మించిన గుండు సరిగా నిలవదు. విన్‌చెస్టర్ వాళ్ళు 10 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు, 100 గ్రెయిన్ల జింక గుండు హాయిగా తిరిగింది. జనానికి ఒకే రైఫిల్‌తో రెండు పనులూ కావాలి. .244 అలాగే చితికిపోయింది. 1963లో మెలిక మార్చి, పేరు 6ఎంఎం రెమింగ్టన్ అని మార్చి మళ్ళీ దింపినా పోయిన మార్కెట్ తిరిగి రాలేదు. కేసులో తప్పేమీ లేదు, తప్పంతా గొట్టంలోనే.

రెండో కథలో దెబ్బ తిన్నది .260. ఈ తూటాలో చెప్పుకోదగ్గ లోపం వెతికితే దొరకదు. అయితే .308 మ్యాగజైన్ పొడుగు 71 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. .260 కేసే 51.7 మిల్లీమీటర్లు తినేస్తే పొడుగు గుండుకు బయట మిగిలే చోటు తక్కువ. గుండును కేసులోపలికి నెడితే మందు జాగా తగ్గుతుంది. పైగా కంపెనీ రైఫిళ్ళలో మెలిక 9 అంగుళాలు. 2007లో హార్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మూర్ తెచ్చింది. అది కూడా అదే 12 మిల్లీమీటర్ల అడుగు ఉన్న .30 టీసీ అనే కేసు నుంచి వచ్చిందే, .260కి దాయాది అనుకోవచ్చు. కేసు దాదాపు మూడు మిల్లీమీటర్లు పొట్టి, మెలిక 8 అంగుళాలు, షాపులో తయారు తూటాలు చవగ్గా. గుండు వెడల్పు ఒకటే, వేగం ఒకటే. అయినా ఈరోజు అమెరికా షాపులో 6.5 క్రీడ్‌మూర్ పెట్టెలు అలమర నిండా కనిపిస్తాయి, .260 కోసం వెతుక్కోవాలి. .260 ఉన్నవాళ్ళు తమదే గొప్పదంటే కాదనక్కర్లేదు. తూటాలు ఎక్కడ దొరుకుతాయో చెబితే చాలు.

ఇక చట్టం. ఈ కుటుంబాల చరిత్రలో కొత్త మెడలు పుట్టించడంలో ఇంజనీర్ల పాత్ర ఎంతో, ప్రభుత్వాల పాత్రా అంతే. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో .450 తూటాలను ఆపేసింది. పాత సైనిక మార్టినీ-హెన్రీ రైఫిళ్ళలో తిరుగుబాటుదార్లు వాడుకుంటారని భయం. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు .465, .470, .475 అంటూ నిషేధం గీతకు అవతల కొత్త తూటాలు తయారుచేశాయి. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్ వేల్స్‌లో సైనిక తూటా .303 మీద ఆంక్షలు పెడితే, అక్కడివాళ్ళు .303 మెడ నొక్కి .25 గుండు పెట్టి కంగారూల వేటకు వాడుకున్నారు. ఫ్రాన్స్‌లో 2013 దాకా సైన్యం తూటాల మీద గట్టి నియంత్రణ ఉండేది కాబట్టి .308 వద్దనుకుని దాని పిల్లల్లో ఒకదాన్ని కొనుక్కునేవారు. ఇంగ్లండులో జింకలకు కనీసం .240 అంగుళాల వెడల్పు ఉండాలని 1963 చట్టం చెప్పింది, .243 ఆ గీతను అంగుళంలో వెయ్యింట మూడు వంతుల తేడాతో దాటింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం జింకకు కనీసం .24 అంటుంది. అక్కడా అదే తూటా చివరి మెట్టు.

మన దేశంలో ఈ వింత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. .303 గానీ 7.62 గానీ సైన్యం తూటాను పేల్చగలిగిన రైఫిల్ నిషిద్ధ బోర్ కిందికి వస్తుంది. .308 రైఫిల్‌లో నాటో తూటా పడుతుంది. ఇషాపూర్ 2ఏ1 రైఫిల్, సైన్యంలో తరాలు నడిచిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ పేల్చింది ఆ తూటానే. కాబట్టి .308 మామూలు లైసెన్స్‌తో ఉంచుకునేది కాదు. దాని మెడ నొక్కిన .243లోగానీ 7ఎంఎం-08లోగానీ సైన్యం తూటా పట్టదు కాబట్టి ఆ గీతకు ఇవతల ఉంటాయి. తల్లి నిషిద్ధం, సన్నని పిల్లలకు అడ్డు లేదు. శక్తిలో వీటి మధ్య తేడా ఎంతో పైన చూశాం. చట్టం చూసేది శక్తిని కాదు, సైన్యం గోదాము నుంచి తూటా బయటికి పోతే దాన్ని ఎవరు పేల్చగలరన్నది. ఆ కోణంలో చూస్తే నిబంధన అర్థవంతమే.

.315 ఇక్కడికి రావడానికీ ఇలాంటి నిషేధమే కారణం. అది నిజానికి ఆస్ట్రియా-హంగరీ సైన్యపు 8×50 మాన్లికర్ తూటా. .303 సామాన్యులకు అందకుండా చేశాక, అదే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టులో ఇమిడే, అడుగున అంచు ఉన్న ఈ పరాయి తూటాను బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ కంపెనీ భారత మార్కెట్ కోసం రైఫిళ్ళుగా చేసింది. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ ఆ పని అందుకుంది. తూటాలు ఖడ్కీలో తయారయ్యాయి. ఆస్ట్రియా సామ్రాజ్యం పోయి వందేళ్ళు దాటినా, దాని తూటా మన ఊళ్ళ లైసెన్స్ పుస్తకాల్లో బతికే ఉంది. బాలిస్టిక్స్ (గుండు వేగం, శక్తి లెక్కలు) చూసి ఎవరైనా ఎంచుకున్నదైతే అది ఎప్పుడో మాయమైపోయేది. పైగా 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్స్‌దార్లకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది కాబట్టి పాత .275, .30-06 రైఫిళ్ళు చేతులు మారేటప్పుడు వాటి ధర ఇనుము విలువకు సంబంధం లేకుండా పోయింది.

సరే, ఈ లెక్కలన్నీ చిత్తూరు మట్టి మీదికి తెస్తే ఏమవుతుంది? మొదటి మాట, ఇక్కడ వేట లేదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని మూసేసింది. వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ .405 విన్‌చెస్టర్ పట్టుకుని భాకరాపేట, చామల అడవుల్లో తిరిగిన రోజులు ముగిశాయి. ఇప్పుడు ఆ వైపు శేషాచలం బయోస్ఫియర్, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్. కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఉన్న పలమనేరు, కుప్పం రైతుకు పంట మీద ఏనుగులు పడితే అది పూర్తిగా ఫారెస్ట్ వాళ్ళు చూసుకోవాల్సిన సంగతి. ఏనుగు ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువు. ఈ ఆరింటిలో ఏ తూటాతో కాల్చినా అది నేరమే కాక, గాయపడ్డ ఏనుగును ఊరి మీదికి వదిలినట్టు కూడా.

మిగిలింది అడవి పంది. వేరుశనగ చేలో ఒక్క రాత్రి గుంపు దిగితే తెల్లారేసరికి సాళ్ళు దున్నినట్టు తిరగబడి ఉంటాయి, కాయ ఒక్కటి మిగలదు. 2022 సవరణ తర్వాత పంది రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు హాని చేస్తోందని తేలితే చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వక అనుమతి ఇవ్వొచ్చు. అనుమతి కాగితం లేకుండా లైసెన్స్ తుపాకీతో కాల్చినా కేసే. కరెంటు తీగలు, నాటు బాంబుల గోల ఎటూ తెలిసిందే, వాటికి పందీ తెలియదు, పశువూ తెలియదు, మనిషీ తెలియదు.

అనుమతి దొరికిందే అనుకుందాం. పంది కోసం .243 బాగుంటుందా, 7ఎంఎం-08 బాగుంటుందా అనే ప్రశ్న ఇక్కడ దాదాపు పనికిరానిది. చేను గట్టు మీద నుంచి టార్చి వెలుగులో కాల్చే దూరం యాభై మీటర్లు కూడా ఉండదు. జానెడు, జానెడున్నర తేడాలు వచ్చేది దానికి ఐదింతల దూరంలో. ఇంకా ముఖ్యమైనది గుండు ఆగే చోటు. .308 తరగతి గుండు ఎత్తుగా పోతే మూడు కిలోమీటర్లు దాటి వెళ్ళగలదు. మన దగ్గర చేను పక్కన చేను, దాని పక్కన కోళ్ళఫారం, ఆ పక్కనే ఊరు. వెనక గుట్ట ఉంటే తప్ప రాత్రిపూట రైఫిల్ పేల్చడం మతి ఉన్న పని కాదు. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో రక్షణకు, ఆటకు 20 అంగుళాలకు తగ్గని గొట్టంతో నున్నటి బోర్ తుపాకీని, నిజమైన పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీని వేరుగా చెప్పి, వాటికి లైసెన్స్ దారి సులువు చేసింది. రైఫిల్‌కైతే గట్టి కారణం చూపాలి. ఆ చట్టం రాసినవాళ్ళు బ్రిటిష్ వాళ్ళ అనుమానాలను కొన్ని మోసుకొచ్చినా, ఈ ఒక్క విషయంలో పొలం తెలిసినవాళ్ళలాగే రాశారు. 12 బోర్ తూటా గుళ్ళు కొన్ని వందల మీటర్లలో చచ్చుబడిపోతాయి.

అందుకే ఈ ఆరింటి మధ్య ఎంపిక నిజంగా ఎదురయ్యేది అమెరికాలో ఉన్నవాళ్ళకే. అక్కడా చట్టమే ముందు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ కదా, ఒక్కసారి పేల్చి చూద్దాం అనుకునేవాళ్ళు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. లైసెన్స్ గడువు దాటిపోతే మినహాయింపు కూడా దాంతోపాటే పోతుంది. వీసా మీద టెన్షన్ పడుతూ బతికే ఇంట్లో ఇది తూటా వెడల్పు కంటే చాలా పెద్ద విషయం.

ఆ గడప దాటాక టెక్సస్ తెల్లతోక జింకకు ఏది? జింక బరువు చూస్తే .243 చాలు. కాకపోతే గుండు మంచిదై ఉండాలి, దెబ్బ ముందుకాలి భుజం వెనక, గుండె, ఊపిరితిత్తుల మీద సరిగ్గా పడాలి. తప్పుకు చోటు తక్కువ కాబట్టి కొత్తవాళ్ళకు తన్ను తక్కువని .243 ఇవ్వడం, తప్పు ఎక్కువ చేసేదీ వాళ్ళే కావడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. 7ఎంఎం-08 ఆ పీటముడి విప్పుతుంది. 140 గ్రెయిన్ల గుండు, .308 కంటే తక్కువ తన్ను. పనితీరులో అది 1892 నాటి 7×57కి దగ్గరి చుట్టం. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ ఎంతో ఇష్టంగా వాడుకున్న రిగ్బీ .275 ఆ 7×57 తూటాదే. కుటుంబం మొత్తంలో కాగితం మీద గెలిచేది ఇదే అనిపిస్తుంది.

అయినా మొదటి రైఫిల్ కొనేవాడికి .308 అని చెప్పడమే సరి. ఊరి చివర పెట్రోల్ బంకు పక్క షాపులో కూడా దాని పెట్టె దొరుకుతుంది. గుండ్లలో రకాలు ఎక్కువ, ధరలో పోటీ ఎక్కువ. చవకైన తూటాలు దొరికితే ప్రాక్టీసు ఎక్కువ అవుతుంది. .308 ఎక్కువ తన్నుతుందనే ఫిర్యాదుకు 150 గ్రెయిన్ల గుండు, అర కిలో బరువెక్కువ రైఫిల్, భుజం దగ్గర మెత్తటి రబ్బరు ప్యాడ్ చాలావరకు జవాబు చెబుతాయి. .338, .358ల సంగతి చెప్పాలంటే, దట్టమైన అడవిలో ఎల్క్ అనే పెద్ద జింక మీద దగ్గరి నుంచి కాల్చేవాళ్ళకు వాటి మీద ఉండే మోజు వేరు. టెక్సస్ పొలంలో జింకకు వాటి అవసరం లేదు, తూటాల కోసం ఆన్‌లైన్‌లో వెతుక్కునే ఓపికా అందరికీ ఉండదు. పందుల కోసం కావాలన్నా అంతే, గుండు రకం మార్చుకుంటే .308 సరిపోతుంది.

ఒకే తూటా కుటుంబంలో రెండు రైఫిళ్ళు కొనేవాళ్ళకు మాత్రం ఒక ప్రమాదం ఉంది. అడుగు ఒకటే, పొడుగు దాదాపు ఒకటే కాబట్టి .243 తూటా .308 రైఫిల్‌లో దూరుతుంది, బోల్టు మూసుకుంటుంది, పేలుతుంది కూడా. సన్నని గుండు వెడల్పు గొట్టంలో వదులుగా దొర్లుకుంటూ పోతుంది, గురి ఉండదు. కేసు మెడ చీలి గ్యాస్ వెనక్కి రావచ్చు. తిరగబడితే ఇంకా ఘోరం. .223 కేసు నుంచి పుట్టిన .300 బ్లాక్‌అవుట్ తూటా పొరపాటున .223 రైఫిల్‌లో పడి, లావు గుండు సన్నని గొట్టంలో ఇరుక్కుని రైఫిళ్ళు పేలిపోయిన సంఘటనలు అమెరికాలో చాలా ఉన్నాయి. ఆ రెండింటికీ మ్యాగజైన్ కూడా ఒకటే కావడం కొంప ముంచుతుంది.

మన దగ్గర ఈ బెడద తక్కువ. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, లైసెన్స్ పుస్తకంలో రాసిన బోర్ తూటా తప్ప ఇంకోటి షాపులో ఇవ్వరు, ఎన్నికలొస్తే ఆ రెండూ స్టేషన్‌లో డిపాజిట్. టెక్సస్ గరాజ్‌లో పుస్తకం ఉండదు, ఒకే సంచిలో నాలుగు రకాల తూటాలు కలిసిపోతాయి. కేసు అడుగున క్యాప్ చుట్టూ గుండ్రంగా చిన్న అక్షరాల్లో తూటా పేరు కొట్టి ఉంటుంది. మ్యాగజైన్‌లోకి ఎక్కించే ముందు ఒక్కోదాన్ని తిప్పి అది చదవాలి. కాల్చే బల్ల మీద ఒకసారికి ఒకే పెట్టె ఉండాలి. మిగతావి కారులోనే.